నూనె మంట మీద నీళ్లెందుకు పోయకూడదు? ఈ మాట అత్తమ్మకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది నిజామాబాద్. సంక్రాంతికి అత్తమ్మ సకినాలు చేస్తుంటే కడాయిలో నూనె అంటుకుంది. పొయ్యి మీద నూనె కాగుతుండగా ఆమె కింద కూర్చుని సకినాలు చుడుతున్నారు. ఇంతలో మా ఆడబిడ్డ ఫోన్ చేస్తే మాట్లాడుతూ హాల్లోకి వెళ్లారు. పొగ చూసి మా ఆయన పరుగెత్తుకొచ్చి చెంబుడు నీళ్లు పోశారు. మంట ఒక్కసారిగా పైన అల్మారా దాకా లేచింది. ఆయన కుడి చేయి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. పక్కింటి అన్న వచ్చి రెగ్యులేటర్ ఆపి, పెద్ద స్టీలు పళ్లెం కడాయి మీద బోర్లించాక మంట ఆగింది. వాళ్లింట్లోంచే టూత్‌పేస్ట్ తెచ్చి చేతికి రాశారు. పది రోజులైంది, మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ వాడుతున్నాం, కొన్నిచోట్ల ఇంకా తడిగానే ఉంది. గ్యాస్ తీసేసి ఇండక్షన్ పెడదామని మా ఆయన అంటున్నారు. "నలభై ఏళ్లుగా వండుతున్నా, ఏనాడైనా అయిందా?" అని అత్తమ్మ బాధపడుతున్నారు. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. నాకు వంటింట్లోకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు మీ ఆయన చేయి సంగతి. పది రోజులు దాటినా తడి ఆరని కాలిన గాయాన్ని మెడికల్ షాపు ఆయింట్‌మెంట్‌కి వదిలేయకండి. రేపే డాక్టరుకి చూపించండి. జిల్లా ఆసుపత్రిలో సర్జన్ ఉంటారు, అక్కడికి వెళ్లినా చాలు. పైపైన కాలితే మామూలుగా రెండు వారాల లోపు మానిపోతుంది. అంతకంటే ఆలస్యమయ్యేలా ఉంటే లోతుగా కాలిందని అనుమానించాలి. గాయంలో ఎక్కడైనా తెల్లగా, తోలులా ఉండి ముట్టుకున్నా నొప్పి తెలియకపోతే, చీము పట్టినా, జ్వరం వచ్చినా రేపటిదాకా కూడా ఆగొద్దు. మణికట్టు, మోచేయి కీళ్లు కాబట్టి ఇంకో సంగతి ఉంది. మానేటప్పుడు చర్మం బిగుసుకుపోతే చేయి పూర్తిగా చాపలేరు. ఏ కదలికలు చేయాలో, ఎప్పటినుంచి చేయాలో అడిగి తెలుసుకోండి. టీటీ ఇంజెక్షన్ చేయించారా లేదా అన్నది కూడా చెప్పండి.

టూత్‌పేస్ట్ రాసినందుకు పక్కింటివాళ్లను ఏమీ అనకండి. మన దగ్గర ఒక్కో ఇంట్లో ఒక్కో వైద్యం: ఇంకు, పసుపు, ఇడ్లీ పిండి, నెయ్యి, ఆలుగడ్డ తురుము. చల్లగా అనిపిస్తుంది కాబట్టి పని చేస్తుందని నమ్ముతారు. కానీ కాలిన చర్మం లోపల వేడి ఇంకా ఉంటుంది, పైన పేస్ట్ పూస్తే ఆ వేడి బయటికి పోదు. పైగా ఎంత లోతుగా కాలిందో డాక్టరుకి కనిపించదు. దాన్ని గీకి తీసేటప్పుడు మళ్లీ నరకమే.

కాలిన వెంటనే చేయాల్సింది ఒక్కటే. కుళాయి కింద పెట్టి, పారే మామూలు నీళ్లతో 20 నిమిషాలు చల్లబరచాలి. ఆ 20 నిమిషాలు చాలా పెద్దగా అనిపిస్తాయి, చాలామంది రెండో నిమిషానికే చేయి తీసేస్తారు. వెంటనే కుదరకపోయినా మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా లాభం ఉంటుంది. ఐసు మాత్రం పెట్టకూడదు, కాలిన చర్మానికి అది రెండో దెబ్బ. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి, కాలు కాలితే మెట్టెలు కూడా. చర్మానికి అతుక్కున్న బట్టను లాగకూడదు, బొబ్బలు చిదమకూడదు. తరవాత శుభ్రమైన పొడి బట్ట వదులుగా కప్పి బయల్దేరాలి. మన ఊళ్లలో ఎండాకాలం మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు సలసలా వస్తాయి, ఆ నీళ్ల కింద చేయి పెట్టొద్దు. ఇంట్లో పట్టి ఉంచిన బకెట్ నీళ్లు మగ్గుతో పోస్తూ ఉండండి. మనిషి అరచేయి వేళ్లతో సహా ఆ మనిషి ఒంట్లో దాదాపు ఒక శాతం. అంతకంటే పెద్దగా కాలినా, ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, కాలింది చిన్నపిల్లలకైనా సొంత వైద్యం వద్దు.

ఇక నీళ్ల సంగతి. మీ ఆయన చేసింది మూర్ఖత్వం కాదు. మంట అంటే నీళ్లు అని పుట్టినప్పటినుంచి నేర్చుకున్నాం. బట్ట, కట్టె, కాగితం అంటుకుంటే నీళ్లే సరైనవి. నూనె దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. వంట నూనె తనంతట తాను అంటుకోవాలంటే దాదాపు 350 డిగ్రీలు దాటాలి. నీళ్లు నూనె కంటే బరువు, పోయగానే అడుగుకి దిగుతాయి. 100 డిగ్రీలకే మరిగే నీళ్లు అంత వేడి నూనె కింద చిక్కుకుంటే క్షణంలో ఆవిరైపోతాయి. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు కావాలి. ఆ ఆవిరి పైనున్న నూనెను తుంపరలుగా చేసి గాల్లోకి విసురుతుంది, ప్రతి తుంపరా మండుతుంది. మీరు అల్మారా దాకా చూసిన మంట అదే.

ఆ రోజు సరైన పని చేసింది పక్కింటి అన్న. గ్యాస్ ఆపాడు, పళ్లెం బోర్లించాడు. నూనె మంటకు మందు మూతే, గాలి అందకపోతే మంట చస్తుంది. కడాయి కంటే పెద్దదైన స్టీలు మూతో పళ్లెమో తీసుకుని, దాన్ని ముఖానికి, మంటకు మధ్య అడ్డంగా పట్టుకుని, మన వైపు అంచు నుంచి అవతలికి జరుపుతూ కప్పాలి. పైనుంచి దబ్బున పడేస్తే నూనె చిందుతుంది. గాజు మూత వద్దు, పగలొచ్చు. నాబ్ చేతికి అందితే ఆపండి, మంట దాటి చేయి పెట్టాల్సి వస్తే రెగ్యులేటర్ దగ్గర ఆపండి. కప్పాక ఆరిందా లేదా అని మూత ఎత్తి చూడాలనిపిస్తుంది. చూడకండి. నూనె ఇంకా అంతే వేడిగా ఉంటుంది, గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది. అరగంటైనా, పెద్ద కడాయి అయితే గంటైనా అలాగే వదిలేయాలి. మండుతున్న కడాయిని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తడం నీళ్లు పోయడంకన్నా ఘోరం. నడిచేటప్పుడు మంట మన వైపే వస్తుంది, చేయి కాలి వదిలేస్తే కాళ్ల మీద పడుతుంది. ఇసుక అనుకుని పిండి చల్లేవాళ్లూ ఉంటారు. బియ్యప్పిండైనా శనగపిండైనా అది మండే పదార్థమే, మంట మీద ఎగజల్లితే భగ్గుమంటుంది. మూత వేసే వీలు లేనంతగా మంట పైకి పాకితే అందరూ బయటికి వచ్చి తలుపు మూసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

ఫైర్ స్టేషన్ వాళ్లు సిలిండర్ మంటను తడి గోనెసంచితో ఆర్పి చూపించడం మీరు చూసే ఉంటారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది గుర్తుగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరుపుతారు. అప్పుడు బడుల్లో, అపార్టుమెంట్లలో ఈ ప్రదర్శన పెడతారు. అది సిలిండర్ మూతి దగ్గర మండే గ్యాసుకి సంబంధించిన పద్ధతి. నీళ్లు కారుతున్న గోనెసంచి తెచ్చి కాగే నూనె మీద వేస్తే మళ్లీ చెంబు కథే. ఈ రెండూ కలిపేసుకోవద్దని మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

ఏమి కొనాలో మీరు అడగలేదు గానీ, టెన్షన్ పడేవాళ్లు ముందు చేసేది ఆన్‌లైన్‌లో చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఆర్డర్ పెట్టడమే. ఇళ్లకు ఎక్కువగా అమ్మేది పొడి రకం, దాన్నే ఏబీసీ అంటారు. బట్టలకు, ఫర్నిచర్‌కు, కరెంటు వస్తువులకు మంచిదే, ఇంట్లో ఉండనివ్వండి. కాగే నూనె మీద దగ్గరనుంచి కొడితే మాత్రం ఆ జోరుకి నూనె ఎగిరి పడొచ్చు. మంట ఆరినా నూనె చల్లబడదు, తిరిగి అంటుకోవచ్చు. నూనె మంటల కోసం వెట్ కెమికల్ రకం వేరే ఉంది, హోటల్ వంటిళ్లలో అదే పెడతారు. మీ ఇంటికి నేను చెప్పేది ముందు మూత, తరవాత గోడకు వేలాడే ఫైర్ బ్లాంకెట్ (మంట మీద కప్పే, నిప్పంటుకోని దుప్పటి), మిగిలింది మీ ఇష్టం. ఏది కొన్నా పొయ్యి పైన తగిలించకండి. మంట దాటి చేయి చాచాల్సిన చోట ఉన్న వస్తువు లేనట్టే. వంటింటి గుమ్మం పక్కన ఉండాలి.

ఇండక్షన్ గురించి మీ ఆయనతో నేను సగమే ఏకీభవిస్తాను. మంట ఉండదు, కొంగు అంటుకోదు, గ్యాస్ లీకేజీ భయం లేదు. పాపకు పాలు కాచడానికి, టీకి, స్నానానికి కాసిన్ని వేడినీళ్లకు బాగుంటుంది. అయితే నూనె వేడెక్కితే ఇండక్షన్ మీదా పొగొస్తుంది, అంటుకుంటుంది కూడా. చాలా వాటిలో వేడి మితి మీరితే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది గానీ దాన్ని నమ్ముకుని హాల్లోకి వెళ్లకూడదు. గుండ్రటి అడుగున్న మీ సకినాల కడాయి దాని మీద నిలవదు. 2,000 వాట్ల ఇండక్షన్ సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని ఫోన్ చార్జర్లు పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే నూనె మంట తప్పి వైరు మంట వస్తుంది. పెద్ద ప్లగ్గు పట్టే 16 ఆంపియర్ల సాకెట్ విడిగా ఉంటేనే కొనండి. ఆరేళ్ల పాప ఉన్న ఇంట్లో రోజువారీ కాచుకునే పనులకు ఇండక్షన్, పిండివంటలకు గ్యాసు, ఇదీ నా మాట.

అత్తమ్మ మాట నాకు అబద్ధంగా అనిపించడం లేదు. నలభై ఏళ్లలో ఎందుకు కాలేదో ఆలోచిస్తే ఆ రోజు ఎందుకైందో తెలుస్తుంది. ఒకప్పుడు సకినాలంటే వాడంతా కలిసి చేసే పని. నలుగురైదుగురు ఆడవాళ్లు తెల్లబట్ట పరుచుకుని చుట్టూ కూర్చుని చుడుతుంటే, ఒకామె కడాయి దగ్గర కూర్చునేది. ఆమెకు వేరే పని ఉండేది కాదు. పిల్లాడు ఏడ్చినా, వాకిట్లోకి ఎవరొచ్చినా ఇంకొకరు లేచేవారు. ఇప్పుడు చుట్టేదీ ఆమే, కాల్చేదీ ఆమే, ఫోన్ ఎత్తేదీ ఆమే. అత్తమ్మ అజాగ్రత్త అయిపోలేదు, ముగ్గురి పని ఒక్కరి మీద పడింది. దీన్ని "ఇకనుంచి జాగ్రత్తగా ఉండండి అత్తమ్మా" అన్న మాట బాగుచేయదు. జాగ్రత్త అన్నది ఫోన్ మోగేదాకే ఉంటుంది, అది మీకైనా నాకైనా అంతే. మార్చాల్సింది పని పంపకం.

కాబట్టి పిండివంట పెట్టుకున్న రోజు కడాయి దగ్గరున్న మనిషికి ఇంకో పని చెప్పొద్దు. మిగతావాళ్లు లేకపోతే ముందు అన్నీ చుట్టేసుకుని, బట్ట మీద ఆరనిచ్చి, ఆ తరవాతే పొయ్యి వెలిగించాలి. సకినం తడి ఆరితే నూనెలో చిటపటలు కూడా తగ్గుతాయి. ఫోన్ అల్మారాలో పెట్టేయాలి. పొయ్యి దగ్గరనుంచి ఏ కారణంతో కదలాల్సి వచ్చినా, అర నిమిషానికైనా సరే, నాబ్ ఆపాకే కదలాలి. నూనె చల్లారిపోతుందే అని ప్రాణం లాగుతుంది, అయినా ఆపాల్సిందే. సకినాలు వేగేది 170, 180 డిగ్రీల దగ్గర. రిఫైన్డ్ నూనె సన్నగా పొగ వదలడం మొదలెట్టిందంటే 230 అటూ ఇటూ వచ్చిందన్నమాట. అక్కడినుంచి అంటుకోవడానికి, మంట పెద్దగా ఉంటే, కొన్ని నిమిషాలే. పొగ కనిపించగానే ఆపేయాలి, సిమ్‌లో పెట్టడం కాదు. కడాయిలో నూనె సగం దాటనివ్వకండి. కొంగు నడుముకి బిగించి దోపాలి, చున్నీ అయితే తీసి పక్కన పెట్టాలి. నైలాన్, పాలిస్టర్ బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుందని కాటన్ కట్టుకోమంటారు, నిజమే. కాటన్ కూడా అంతే తొందరగా అంటుకుంటుంది, కాబట్టి బట్ట ఏదైనా వేలాడకుండా ఉండటం ముఖ్యం. ఒకవేళ అంటుకుంటే పరుగెత్తకూడదు, ముఖం చేతులతో కప్పుకుని నేల మీద పడి దొర్లాలి. చూసినవాళ్లు మందపాటి దుప్పటో గొంగడో కప్పాలి, నీళ్లు పోయాలి. ఇక్కడ నీళ్లు సరైనవే.

చేగోడీలు పేలి ముఖం మీద చింది కాలినవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. లోపల ఆవిరి చిక్కుకుని బయటికి దారి లేకపోతే పేలుతుంది. పిండి బాగా ఉడికించి, పగుళ్లూ గాలి బుడగలూ లేకుండా చుట్టి, నూనె మరీ వేడెక్కకముందే వేస్తే చాలావరకు తప్పుతుంది. గారెలకు మధ్యలో చిల్లు పెట్టేది అందానికే కాదు.

పాప విషయంలో మంటకన్నా నేను ఎక్కువ భయపడేది వేడి చారుకి, వేడి నీళ్లకి. 60 డిగ్రీల నీళ్లు అయిదు సెకన్లలో లోతుగా కాలుస్తాయి, పిల్లల చర్మం పల్చన కాబట్టి వాళ్లకి అంతసేపు కూడా అక్కర్లేదు. చలికాలం పొద్దున స్నానానికి బకెట్‌లో ముందు చన్నీళ్లు, తరవాతే వేడినీళ్లు పోయండి. హీటర్ రాడ్ పెట్టిన బకెట్ ఉన్న బాత్‌రూమ్‌కి బయట గొళ్లెం పెట్టాలి. పొయ్యిని గట్టు అంచు నుంచి లోపలికి జరపండి, గిన్నెల పిడులు గోడ వైపు తిప్పండి. దించిన కుక్కర్, చారు గిన్నె నేల మీద పెట్టే అలవాటు ఉంటే మానండి. పొయ్యి చుట్టూ మూడడుగుల దూరంలో నేల మీద రంగు టేపు అతికించి అది దాటొద్దని చెప్తే ఆరేళ్ల పిల్లకు ఆటలా ఉంటుంది, బాగానే పాటిస్తుంది. మంట కనిపిస్తే దాక్కోకుండా అరుస్తూ బయటికి వెళ్లాలని కూడా చెప్పండి. పిల్లలు భయపడితే మంచం కింద దూరతారు.

గ్యాస్ మీద కూడా ఒక చూపు వేయండి. పైపు నారింజ రంగు సురక్ష పైపేనా, దాని మీద అచ్చేసిన తేదీ ఎంత ఉందో చూడండి, అయిదేళ్లకు మార్చాలి. జిడ్డు పట్టకుండా పైపుకి ప్లాస్టిక్ కవరో బట్టో తొడిగి ఉంటే తీసేయండి. ఎలుక కొరికినా, పగిలినా కనపడదు. సిలిండర్ నిలువుగా, పొయ్యి కంటే కింద ఉండాలి. అల్మారాలో పెట్టి తలుపు మూస్తే నేల దగ్గర గాలి రంధ్రాలు ఉండాలి. ఈ గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే పైకి పోకుండా నేలంతా పరుచుకుంటుంది. అందుకే వాసనొస్తే తలుపులు, కిటికీలు తెరవాలి, రెగ్యులేటర్ ఆపాలి, ఏ స్విచ్చీ వేయకూడదు, వేసి ఉన్నది ఆపనూకూడదు. వాసన పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం ఇక్కడ అందరికీ తోచే పని, స్విచ్చులో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయండి, గ్యాస్ లీకేజీల కోసం పెట్టిన నంబర్ అది, రాత్రైనా పలుకుతుంది. లీకు ఎక్కడుందో సబ్బు నురగ రాసి చూడాలి, అగ్గిపుల్ల గీసి కాదు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపడం ఎవరి పనో ఒకరికి ఒప్పజెప్పండి. అందరి పని అంటే ఎవరూ చేయరు.

ఇక అత్తమ్మతో మాట్లాడటం. కొడుకు చేయి తన వల్ల కాలిందని ఆమె లోలోపల కుమిలిపోతూ ఉంటారు, నలభై ఏళ్ల మాట అందులోంచి వచ్చిందే. ఆ రోజు గురించి మళ్లీ ఎత్తకండి, మీ ఆడబిడ్డ ఫోన్ గురించి అసలే వద్దు. ఈ ఉత్తరంలో ఉన్న జాబితా చదివి వినిపించకండి. "అత్తమ్మా, ఆ పెద్ద కడాయికి సరిపోయే మూత మన దగ్గర ఏదుంది? ఎక్కడ పెడితే మీ చేతికి అందుతుంది?" అని అడగండి. ఏ గిన్నె ఏ మూల ఉందో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. చోటు ఆమెనే నిర్ణయించనివ్వండి. తరవాత ఒక ఆదివారం, పొయ్యి వెలిగించకుండా, ఖాళీ కడాయి పెట్టి ఇంట్లో పెద్దవాళ్లంతా ఒక్కొక్కరే మూత జరిపి కప్పి, నాబ్ ఆపి చూడండి. అత్తమ్మ ముందు, మీరు తరవాత. మీ వంటింటి భయం కూడా అక్కడే కొంత తగ్గుతుంది. మీ ఆయన చేయి మానేదాకా ఆగక్కర్లేదు, ఎడమ చేత్తో చేయమనండి.